ఆఖరి పన్నెండు చుట్లు

ముందు కడ్డీని ఎక్కించి తర్వాత తను ఎక్కడం నీళ్లాయన పద్ధతి. నాలుగున్నర అడుగుల ఇనుప కడ్డీ అది. పైన రెండు చేతులతో పట్టి తిప్పడానికి అడ్డంగా మూరెడు పిడి, కింద వాల్వు తలకాయని పట్టేలా నాలుగు పలకల గిన్నె. తను ఎక్కకముందే బస్సు కదిలిపోతే కడ్డీ అయినా వెళ్లి డ్యూటీలో చేరుతుంది, కడ్డీ లేకుండా తనొక్కడే వెళ్తే అక్కడ తనకేం పని అని ఆయన వాదం. ఇరవయ్యారేళ్లుగా నీళ్ల ఆఫీసులో వాల్వులు తిప్పే ఉద్యోగం. సొంత పేరు ఆఫీసు రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. ఊరందరికీ నీళ్లాయన. ఇంట్లో ఆవిడకి మాత్రం ఆ పూట కోపాన్ని బట్టి రకరకాల పేర్లు.

ఆ పొద్దున ఆఖరి కాలనీ నుంచి బయల్దేరిన మొదటి బస్సు రెండో స్టాపు చేరకముందే కొట్లాట మొదలైంది. ఒక తాపీమేస్త్రీ, ఒక ఆసుపత్రి వాచ్‌మన్, ఇద్దరికీ మధ్య ఒకే సీటు. ఈ బస్సు పోతే ఇంకోటి నలభై నిమిషాలకు గానీ రాదు, దిగాల్సిన చోటికి గంటా నలభై నిమిషాలు, అంతసేపు నిలబడితే ఆ తర్వాత పని చెయ్యడానికి కాళ్లు మిగలవు. కాబట్టి ఇద్దరిదీ న్యాయమే. మేస్త్రీ తన న్యాయాన్ని తలకాయతో చెప్పాడు. వాచ్‌మన్ ముక్కు టప్‌మని చిట్లి, నెత్తురు నీళ్లాయన కడ్డీ పిడి మీదకి కారింది. కండక్టరు తల కూడా ఎత్తలేదు. ముక్కు పగిలినాయన కాస్త ముందుకు జరిగితే వెనకవాళ్లు ఎక్కుతారని చెప్పి టిక్కెట్లు చింపుకుంటూ పోయాడు.

నీళ్లాయన పిడిని గుడ్డతో తుడిచి, ఆ గుడ్డనే వాచ్‌మన్‌కి ఇచ్చాడు. నెత్తురంటే ఆయనకి కొత్త కాదు. ఊరి పటం కావాలంటే ఎవరూ ఆఫీసుకి వెళ్లక్కర్లేదు, నీళ్లాయన చొక్కా విప్పితే చాలని పంపుహౌసులో అనుకునేవారు. ఎడమ కనుబొమ్మ మీద మూడు కుట్లు గుట్ట కింది కాలనీవి, ఎండాకాలంలో వంతు దాటిపోయినందుకు. కుడి మోకాలి చిప్ప రింగురోడ్డు కాలనీది, ఇటుకతో. ముందు పళ్లలో ఒకటి కొత్త కాలనీవాళ్ల దగ్గర ఉండిపోయింది, ఆ కాలనీకి కుళాయి వేసిన మొదటి వారమే. వీపు మీద కర్ర దెబ్బ తాలూకు వాతకి మాత్రం రెండు కాలనీలు వాటాకొచ్చేవి. ఊరు ఏ వైపు ఎంత పెరిగిందో, ఎప్పుడు పెరిగిందో ఆ ఒంటి మీద వేలు పెట్టి చెప్పొచ్చు.

ఆయన ఉద్యోగంలో చేరిననాడు ఊరంటే ఆరు వీధులు. కొండ మీద చెరువులాంటి పెద్ద తొట్టి. నీళ్లు వాటంతట అవే దిగివచ్చేవి, మోటారన్న మాటే లేదు. పొద్దున ఆరింటికి మొదలుపెడితే కాలినడకన ఆరు వాల్వులూ తిప్పేసి టీ తాగే వేళకి వచ్చేసేవాడు. ఆ తర్వాత ఊరికి కాళ్లొచ్చాయి. అది నడిచి పెరగలేదు, గెంతి పెరిగింది. ఎక్కడ నేల చవకగా దొరికితే అక్కడికో గెంతు. ఒక కాలనీకీ మరో కాలనీకీ నడుమ రాళ్లు పాతి ఎవరూ కట్టని ఖాళీ స్థలాలు, వాటి కింద కారుతూ పోయే పైపు. గడ్డి ఎక్కడ పచ్చగా కనబడితే అక్కడ పైపు పగిలిందని గుర్తు. కొండ మీది తొట్టి ఎప్పుడో చాలకుండా పోయింది. మొదట ఒక మోటారు పెట్టారు, తర్వాత మూడు పెట్టారు, ఇప్పుడు దారిలో మూడు చోట్ల మూడేసి. ఆ మోటార్లు నడిచేవేళకి చుట్టుపక్కల ఇళ్లలో బల్బులు ఎర్రబడి వెలవెలబోతాయి. కొండ దగ్గర కుర్రవాళ్లలా గంతులేస్తూ బయల్దేరిన నీళ్లు చివరి కాలనీ చేరేసరికి నెత్తి నెరిసి, నడుం వంగి, కర్ర పట్టుకుని వస్తాయని పంపుహౌసులో మోటార్లు నడిపే మోటారు బావ చెప్పేవాడు. నీళ్లాయన దానికి ఇంకాస్త కలిపి, మొన్న ఒక బొట్టు దారిలో తనని ఆపి ఇంకా ఎంత దూరం బాబూ అని అడిగిందనేవాడు.

నవ్వడానికి బాగానే ఉండేది. చిక్కేమిటంటే ఆ చివరి కాలనీలో, చివరి వీధిలో, చివరి ఇల్లు నీళ్లాయనదే.

పాత ఊళ్లో అద్దెలు తరిమితే ఆరేళ్ల కింద అక్కడ రెండు గదులు వేసుకున్నాడు. స్థలం అమ్మినవాడు కారులో తీసుకెళ్లి చూపిస్తూ పదిహేను నిమిషాల దారి అన్నాడు గానీ, ఏ విమానంలోనో చెప్పలేదు. ఇల్లు పల్లంలో ఉంది. నేలవాలు చూస్తే నీళ్లు ఎవరూ తొయ్యకుండానే జారి రావాలి. కానీ దారిలో పదకొండు కాలనీలు. నీళ్లు రావడం ఆలస్యం, ఆ ఇళ్లలో మోటార్లన్నీ ఒక్కసారిగా పైపుకి నోళ్లు పెట్టి పీల్చి నాలుగో అంతస్తు మీది ట్యాంకుల్లోకి ఎక్కించుకునేవి. చివరి వీధికి వచ్చేది గాలి. అదీ రోజూ రాదు, మూడు రోజులకోసారి వంతు ప్రకారం వచ్చేది.

ఇన్నాళ్లూ ఇంట్లో ఆవిడ దాన్ని తిట్టుకుంటూ భరించింది. పది రోజుల కిందట ట్యాంకరు దగ్గర ఆవిడ కుడి మణికట్టు విరిగింది. వారానికి రెండుసార్లు నీళ్ల ట్యాంకరు వచ్చి ఆగేది, ఆగేలోపే నలభైమంది ఆడవాళ్లు దాని మీదకి ఎక్కేవారు. పక్కవీధి కుట్టుపనమ్మాయి స్టీలు బిందె ఎత్తి తల మీద వెయ్యబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు ట్యాంకరు డ్రైవరుకి కూడా వినపడిందట. కొట్టినావిడ మంచిదే. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక వచ్చి పక్కన కూర్చుని ఏడ్చింది. వెళ్తూ వెళ్తూ, వచ్చే వారం ట్యాంకరొస్తే మళ్లీ అలాగే కొడతానేమో అక్కా, ఏమీ అనుకోవద్దని నిజాయితీగా చెప్పి మరీ పోయింది.

ఆ పొద్దున బస్సుకి బయల్దేరే ముందు నీళ్లాయన చెప్పులు వేసుకుంటుంటే ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పిండికట్టు చెయ్యి మెడకి వేలాడుతోంది.

"ఊరందరి గొంతు తడుపుతావు. ఆరేళ్ల నుంచి నేను ఆ కుళాయికి చేతిసంచీ తగిలిస్తున్నా. అంతకన్నా పనికొచ్చిన పాపాన పోలేదు అది."

"ఇవాళ మన లైను వంతే," అన్నాడాయన.

"మూడు రోజులకోసారి మన వంతే. నాకు రెండు చేతులున్నప్పుడు ఆ మాట చెల్లింది. ఇవాళ కూడా రాకపోతే రేపు పొద్దున్నే మా తమ్ముడింటికి పోతా. నువ్వు నీ పైపుతో కాపురం చెయ్యి."

"పైపుకి నోరుండదు, అదొక్కటే సుఖం," అన్నాడు ఆయన అలవాటు కొద్దీ.

ఆవిడ నవ్వలేదు. ఇరవైమూడేళ్ల కాపురంలో ఆయన మాటకి ఆవిడ తిట్టిన రోజులున్నాయి, అలిగిన రోజులున్నాయి, గరిటె విసిరిన రోజులూ ఉన్నాయి. తిట్టకుండా నవ్వకుండా ఊరికే చూసిన రోజు ఇదే మొదలు. పిల్లలు లేరు. ఆవిడ పోతే ఆ ఇంట్లో ఆయన ఎవరితో పోట్లాడాలి? లోపలి గదిలో మంచం మీద బట్టల సంచీ నోరు తెరుచుకుని ఉండడం చూశాడు. బస్సులో గంటా నలభై నిమిషాలూ ఆ సంచీయే కళ్ల ముందు ఆడింది.

పంపుహౌసులో మోటారు బావ ఎప్పటిలాగే చెవుల్లో దూది కుక్కుకుని కూర్చున్నాడు. చుట్టరికం ఏమీ లేదు, ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరిన బంధుత్వం. మూడు మోటార్లు గోడలు అదిరేలా అరుస్తున్నాయి. వాటి దగ్గర నిలబడితే కడుపులో పేగులు కూడా ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. నిరుడు ఒక మోటారు బెల్టు తెగి పనివాడి చెవిని కోసుకుపోయింది. చెవి దొరికింది గానీ మోటారు ఆపడానికి పైనుంచి అనుమతి రాలేదు.

చిన్న ఇంజనీరమ్మ అప్పుడే వచ్చింది. పోయిన ఏడు చదువు ముగించి ఉద్యోగంలో చేరిన పిల్ల. ఆ పిల్లకి లెక్కలంటే పిచ్చి, నీళ్లాయనంటే గౌరవం. కొండ నుంచి ఒక బిందె నీళ్లు మీ ఇంటికి చేరాలంటే ఎంత కరెంటు పడుతుందో తెలుసా అని అడిగింది. సాయంత్రం పూటంతా ఒక బల్బు వెలిగేంతట. అందులో సగం నీళ్లు దారిలోనే నేలపాలు కాబట్టి రెండు బల్బులట. ఇళ్లన్నీ దగ్గర దగ్గరగా కట్టుకుని ఉంటే ఆ బల్బులు అక్కర్లేకపోయేవట. నీళ్లాయన శ్రద్ధగా విన్నాడు.

"మరి ఆ వాల్వు తిప్పడానికి నన్ను ఇంత దూరం మోసుకొచ్చిన డీజిలు ఏ లెక్కలో వేశావమ్మా?"

ఇంజనీరమ్మ నిజంగానే ఆలోచనలో పడింది. కాగితం తీసి రాసుకోబోతే మోటారు బావ పగలబడి నవ్వాడు.

ఎనిమిదింటికి నీళ్లాయన జంక్షను గుంట దగ్గరికి చేరాడు. మిట్ట కాలనీ మొగలో, సబ్‌స్టేషను గోడకి ఆనుకుని ఉంటుంది ఆ గుంట. రెండు నిలువుల లోతు, పైన సిమెంటు బండ, బండలో మనిషి దిగేంత మూత, పక్కనే కడ్డీ దూర్చే రెండు కంతలు. ఒక కంత కింద మిట్ట కాలనీ వాల్వు, రెండోదాని కింద దూరపు లైను వాల్వు. ఎనిమిది నుంచి పన్నెండు దాకా దూరపు లైనుకి, పన్నెండు నుంచి మిట్టకి. ఒకటి ఒక చుట్టు మూస్తే రెండోది ఒక చుట్టు తెరవాలి. ఇటు డెబ్బై రెండు, అటు డెబ్బై రెండు. చుట్టుకి ఒక ఊపిరి పీల్పు, ఒక విడుపు. పని పూర్తి కావడానికి అరగంట పట్టేది.

ఆయనకి పని నేర్పిన ముసలాయన నీళ్ల గురించి పాము గురించి చెప్పినట్టు చెప్పేవాడు. మొదటి అరవై చుట్లూ ఎవడైనా తిప్పుతాడు, ఆఖరి పన్నెండే ఉద్యోగం అనేవాడు. వెనకాల మోటార్లు తోస్తుండగా ఆ పన్నెండూ గబగబా తిప్పేస్తే, పరిగెత్తుకొస్తున్న నీళ్లకి ఉన్నట్టుండి గోడ అడ్డం వస్తుంది. అవి వెనక్కి తిరిగి పైపుని లోపలినుంచి సమ్మెటతో కొడతాయి. తన కుర్రతనంలో అలా ఒక చప్పుడు విన్నానని, ఇనుప పైపు పుచ్చకాయలా విచ్చుకుందని, అది చేసినవాడి టోపీ ఇంకా దిగిరాలేదని చెప్పేవాడు. టోపీ సంగతి నీళ్లాయన నమ్మలేదు. మిగిలినదంతా నమ్మాడు. ఇరవయ్యారేళ్లలో ఆఖరి పన్నెండు చుట్లకి ఎప్పుడూ తొందరపడలేదు. ఎవరికీ ఒక్క నిమిషం ఎక్కువ ఇవ్వలేదు, తక్కువా ఇవ్వలేదు. తన ఒంటి మీది దెబ్బలన్నీ ఆ నిమిషాలవే.

ఆ రోజు దూరపు వాల్వు పూర్తిగా తెరిచి, కడ్డీ పిడికి చెవి ఆనించాడు. పైపులో నీళ్లు నడిచే చప్పుడు ఎముకల్లోకి ఎక్కింది. బండ మీద కూర్చుని మనసులోనే వాటి వెంట నడిచాడు. తొమ్మిదికి మొదటి కాలనీ దాటి ఉంటాయి. పదికి రింగురోడ్డు. పదిన్నరకి ఆ పదకొండు కాలనీల మోటార్లు మీదపడి ఉంటాయి. వాటి ట్యాంకులన్నీ నిండడానికి నాలుగు గంటలూ సరిపోతాయి. ఇంకో గంట ఇస్తే? నిండిన ట్యాంకులు ఇంక పీల్చవు కదా. ఆ గంటలో మిగిలిన నీళ్లు చివరిదాకా పోవా?

ఇన్నాళ్లూ ఆ లెక్క ఆయనకి తెలియక కాదు. ఆ లెక్కని ఎప్పుడూ పన్నెండు గంటల మీది నుంచి దాటనివ్వలేదు, అంతే.

పన్నెండు అయింది. నీళ్లాయన కడ్డీ ముట్టుకోలేదు.

పన్నెండుంబావుకి మిట్ట కాలనీ నుంచి ఇద్దరు ఆడవాళ్లు బిందెలతో వచ్చి బండ మీద నిలబడ్డారు. ఏమైందన్నా అని అడిగితే, పైన మోటారులో ఏదో ఇబ్బంది అన్నాడు. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. చెప్పేటప్పుడు మెడ దానంతట అదే పక్కకి తిరిగింది. పన్నెండున్నరకి ఇరవైమంది అయ్యారు. ఆ పైన లారీలాయన వచ్చాడు. ఆరు లారీల ఆసామి, మెడ కొండరాయి లాంటిది. వెంట బావమరిది, మరో ఇద్దరు క్లీనర్లు. మూడు రోజులుగా ఆయన ఇంట్లో నీళ్లు లేవు. తల్లి మంచాన పడి ఉంది, పక్క మార్చడానికి కూడా చెంబుడు నీళ్లు లేవు. ఆయన కోపానికీ ఒక ఇల్లు ఉంది.

"మోటారులో ఇబ్బందా?" అని వంగి కడ్డీ మీద అరచెయ్యి పెట్టాడు. కడ్డీ జుమ్మని వణుకుతోంది. "ఇదెవరమ్మ వణుకు?"

నీళ్లాయన ఇంకో పావుగంట అన్నాడు. ఒక్క పావుగంట, మీ వంతు సాయంత్రం గంట ఎక్కువిస్తానన్నాడు. అప్పుడే గుంపులో ఎవరో అన్నారు, ఈయనిల్లు ఆ దూరపు లైను చివర్నే కదా అని.

అంతే. గుంపు ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టయింది. మొదటి దెబ్బ లారీలాయన చెంప మీద కొట్టాడు. తర్వాతివి ఎవరివో తెలియదు. పెదవి చిట్లింది. జేబులోంచి ఫోను జారిపడింది, మోటారు బావకి ఒక్క మాట చెబుదామని దానికోసం చెయ్యి చాపితే ఎవరిదో బూటు ఫోనునీ వేళ్లనీ కలిపి తొక్కింది. డొక్కలో ఒకటి పడింది, ఆ తర్వాత కాసేపు ఆకాశమంతా బండ రంగులో కనిపించింది. ఒక ఆడమనిషి మాత్రం చాల్లే, చచ్చిపోతాడు, వదలండని అరిచింది. వాళ్లు వదిలారు. ఆవిడ మాట విని కాదు, కడ్డీ దొరికిందని.

బావమరిదీ క్లీనర్లూ కడ్డీ పట్టుకుని గానుగెద్దుల్లా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టారు. లారీలాయన పక్కన నిలబడి హుషారు చేస్తున్నాడు. మిట్ట వాల్వు సంగతి ఎవరికీ గుర్తులేదు. ముందు ఆ దొంగ లైను మూసెయ్యాలి, అదొక్కటే కసి. నీళ్లాయన బండ మీద పక్కకి ఒరిగి పడుకుని ఉన్నాడు. నోట్లో నెత్తురు, ఒక కన్ను మూసుకుపోయింది. అయినా పెదాలు కదులుతున్నాయి. ముప్ఫై ఒకటి. ముప్ఫై రెండు. ఎవరు తిప్పినా చుట్టు చుట్టే కదా.

యాభై దగ్గర లేచి కూర్చున్నాడు. అరవై దగ్గర నిలబడ్డాడు.

"అక్కడితో ఆపండి బాబూ. ముందు మీ వాల్వు తెరవండి. మిగతా పన్నెండూ నేను తిప్పుతా. తర్వాత కావాలంటే మళ్లీ కొట్టండి."

"ఇంకా లెక్కపెడుతున్నాడు చూడు," అని బావమరిది నవ్వాడు. వాళ్లు ఆగలేదు.

నీళ్లాయన బండ మీద నిలబడ్డ ఆడవాళ్లవైపు తిరిగి, దాని మీంచి దిగండమ్మా, ఆ గోడ అవతలికి పొండి, బిందెలు వదిలెయ్యండి అన్నాడు. రోజూ వరసలో నిలబడమని చెప్పే గొంతుతోనే అన్నాడు, అందుకేనేమో దిగారు. ఆయన మూత పక్కకి లాగి, ఇనుప మెట్ల మీద కాలు పెట్టి గుంటలోకి దిగిపోయాడు. అడుగున, పెద్ద పైపు పొట్ట కింద, మురికినీళ్లు వదిలే చిన్న వాల్వు ఉంది. దాన్ని తెరిస్తే పైపుకి కాస్త ఊపిరాడుతుంది. ఎన్నేళ్లుగానో తిప్పనిది, తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మొత్తం ఆరు చుట్లు. మోకాళ్ల లోతు బురదలో కూర్చుని, నలిగిన వేళ్లతో పట్టుకున్నాడు. ఒకటి కదిలింది. రెండోది సులువుగా వచ్చింది. మూడు తిప్పాడు. సన్నటి నీటిధార మొహాన కొట్టింది. ఆయన నాలుగోది తిప్పుతుండగా పైనవాళ్లు డెబ్బై రెండో చుట్టు పూర్తిచేశారు.

ముసలాయన చెప్పిన ఆ చప్పుడు ఇరవయ్యారేళ్లలో నీళ్లాయన ఒక్కసారీ వినలేదు. ఆ రోజైనా విన్నాడో లేదో తెలియదు. పైకి మాత్రం రాలేదు.

పైన ఉన్నవాళ్లందరూ విన్నారు. బండ రెండుగా విరిగి లేచింది. కడ్డీ గిర్రున వెనక్కి తిరిగి బావమరిది కాలిని మోకాలి కింద విరిచేసింది, ఒక క్లీనరుని గోడకేసి కొట్టింది. లారీలాయన బురదలో వెల్లకిలా పడి, తన మూడు రోజుల దాహమంతా ఒక్కసారిగా తన మీద కురుస్తుంటే నోరు తెరిచి చూశాడు. తాటిచెట్టంత ఎత్తున లేచిన నీళ్లు గోడ దాటి సబ్‌స్టేషనులో పడ్డాయి. అక్కడ నీలిమంట ఒకటి ఫెళ్లుమంది. డ్యూటీలో ఉన్నాయన ఏడుస్తూనే పరుగెత్తి స్విచ్చులన్నీ దించేశాడు. మిట్ట కాలనీకి కరెంటు పోయింది. పంపుహౌసులో మోటార్లు ఆగిపోయాయి, మోటారు బావ చెవుల్లోంచి దూది తీసి ఆ నిశ్శబ్దానికి భయపడ్డాడు. దూరపు లైను వెంట ఉన్న పదకొండు కాలనీలకీ కరెంటు పోయింది.

పైపుకి పెట్టిన నోళ్లన్నీ మూతపడ్డాయి.

ఇంక ఆ నీళ్లని వెనకనుంచి తోసేవాడు లేడు, మధ్యలో పీల్చేవాడు లేడు. మూసిన వాల్వుకి అవతల, అప్పటికే పైపు నిండా ఉన్న నీళ్లకి మిగిలింది నేలవాలు ఒక్కటే. అవి ఎవరినీ దారి అడగకుండా పల్లానికి జారిపోయాయి.

చివరి ఇంట్లో ఆవిడ ఎడమచేత్తో బట్టలు మడత పెడుతోంది. ఒంటిచేత్తో చీర మడవడం కుదరక గడ్డంతో నొక్కి పట్టుకుంది. కరెంటు పోయి ఫాను ఆగింది. ఆ నిశ్శబ్దంలో పెరట్లో ఎవరో దగ్గినట్టు వినపడింది. వెళ్లి చూస్తే కుళాయి. దానికి తగిలించిన చేతిసంచీ వణుకుతోంది. తీసేసి తిప్పింది. గాలి బుస్సుమంది, మళ్లీ దగ్గింది, ఎర్రటి బురద గుప్పెడు కక్కింది. ఆ తర్వాత నీళ్లు వచ్చాయి. సన్నగా మొదలై, బొటనవేలంత లావై, ఆగకుండా.

వీధి వీధంతా బయటికొచ్చింది. తోసుకోవడానికి కారణం లేదు, ఎవరి కుళాయి దగ్గర వాళ్లే ఉన్నారు. కుట్టుపనమ్మాయి తన ఇంట్లో కుళాయి విప్పి వదిలేసి పరుగెత్తుకొచ్చి, ఆవిడ బిందెలు తనే నింపి లోపల పెట్టింది.

"మీ ఆయన ఏం మంత్రం వేశాడక్కా?"

"మంత్రమా, పాడా," అంది ఆవిడ. "ఇరవైమూడేళ్లకి ఒక్క మాట విన్నాడు. రానీ, ఎందుకు విన్నాడో కనుక్కుంటా."

అని నవ్వింది. పొద్దున నవ్వాల్సిన నవ్వు అది. లోపలికి వెళ్లి మంచం మీది సంచీని తలకిందులు చేసి బట్టలన్నీ కుమ్మరించింది. మడతలు చెడిపోయినా పట్టించుకోలేదు. గిన్నెలు, చెంబులు, టీ గ్లాసులు దాకా అన్నీ నిండాయి. అన్నిటికన్నా చివర స్నానాల గదిలోంచి నీలం ప్లాస్టిక్ బకెట్టు తెచ్చి కుళాయి కింద పెట్టింది. అంచుల దాకా నిండనిచ్చింది. ఆయన సాయంత్రం బురద కాళ్లతో వస్తాడు. వచ్చి ఒళ్లంతా పోసుకుంటాడు, చెంబులు లెక్కపెట్టకుండా. దుమ్ము పడకుండా దాని మీద పళ్లెం మూసి, పక్కన ఎవరూ ముట్టకుండా ఒక రాయి పెట్టింది.

మూడింటికి ఆఫీసు బండి వచ్చింది. చిన్న ఇంజనీరమ్మ దిగింది, వెనకాల మోటారు బావ. ఇద్దరి బట్టలూ నిలువునా తడిసి ఉన్నాయి. ఆవిడ బావ మొహం చూసింది. పిండికట్టు చేతిని గుండెకి అదుముకుని, తలుపు కూడా వెయ్యకుండా బండెక్కింది.

కుళాయి ఇంకాసేపు పారి, సన్నబడి, ఆగిపోయింది. పెరట్లో ఎండ గోడెక్కింది. పళ్లెం కింద, నీలం బకెట్టులో, ఎర్రమట్టి మెల్లగా అడుక్కి దిగి నీళ్లు తేటపడ్డాయి.